విజిల్ వేసింది మా మీదే

మా ఆయనకి యాభై ఎనిమిది, నాకు యాభై మూడు. పెళ్లయి ముప్పై ఏళ్లు. మొన్న హైదరాబాదులో ఒక పార్కులో బెంచీ మీద కూర్చుని ఉంటే సెక్యూరిటీ అబ్బాయి దూరం నుంచే విజిల్ వేశాడు. ఎవరి మీదో అనుకుని మేమూ తలలు తిప్పి చూశాం. మా వెనక గన్నేరు చెట్టు తప్ప ఎవరూ లేరు.

సంగతేంటంటే నాకు పిక్క పట్టేసింది. చెప్పు విప్పి కాలు ఆయన ఒళ్లో పెడితే ఆయన రాస్తున్నారు. అదీ మా నేరం.

"సార్, ఇక్కడికి ఫ్యామిలీలొస్తయి. కొంచెం మంచిగ కూర్చోండి."

"మేమూ ఫ్యామిలీనే బాబూ" అన్నాను.

"అది నాకెట్ల తెలుస్తది మేడమ్?"

నిజమే, ఎట్లా తెలుస్తుంది? మా ఆయన మాత్రం ఊరుకోలేదు. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేసిన మనిషి, సర్క్యులర్ చూపించనిదే దేనికీ ఒప్పుకోరు. "ఆ రూలు ఎక్కడ రాసుంది?" అని అడిగారు. "పైనుంచి చెప్పిన్రు సార్" అన్నాడు. వెళ్లేటప్పుడు గేటు దగ్గరి బోర్డు మొత్తం చదివాం. పూలు కోయవద్దు, పొగ తాగవద్దు, కుక్కలు తేవద్దు, బంతాట ఆడవద్దు, ఇలా పద్నాలుగు ఉన్నాయి. ఎలా కూర్చోవాలో ఎక్కడా లేదు. పార్కు పేరు చెప్పను. కింద రాసిన వాటిలో ఏదీ కాదు.

ఆయన రిటైరయ్యాక మొదటి ప్రయాణం ఇది. "గుళ్లు చాలా చూశాం, ఈసారి చెట్లు చూద్దాం" అన్నారు. బెంగళూరులో మా అమ్మాయి ఉద్యోగం చేస్తోంది. రెండు రోజులు హైదరాబాదు, రెండు రోజులు బెంగళూరు అనుకుని ఖమ్మంలో శాతవాహన ఎక్కాం.

హిమాయత్‌నగర్‌లో ఒక లాడ్జీలో దిగాం. గది శుభ్రంగా ఉంది, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, వేడినీళ్లు మాత్రం పొద్దున తొమ్మిది దాకానే. కౌంటర్లో మా ఇద్దరి ఆధార్‌లు తీసుకుని, రెండింట్లోనూ ఇంటి అడ్రసు ఒకటేనా అని చూశాకే తాళం ఇచ్చారు. మా ముందున్న జంటని "లోకల్ ఐడీ తీసుకోం" అని పంపేశారు. పెళ్లికాని జంటకు గది ఇవ్వకూడదని ఏ చట్టమూ లేదని మద్రాసు హైకోర్టు 2019లోనే చెప్పింది. ఆ సంగతి ఆ కౌంటర్ దాకా ఇంకా రాలేదు. నిజం చెప్పాలంటే ఆ పూట నాకూ ఏమీ అనిపించలేదు. మనకు గది దొరికింది కదా అని లిఫ్టెక్కేశా.

లాడ్జీ నుంచి ఇందిరా పార్కుకి ఆటోలో ఎంతోసేపు పట్టలేదు. 76 ఎకరాలు. 1975లో రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేస్తే 1978లో జనానికి తెరిచారు. పెద్ద చెట్లు, చల్లటి దారులు, పొద్దున్నే లాఫింగ్ క్లబ్బుల వాళ్ల నవ్వులు. ఊరి నడిమధ్యలో ఇంత నీడ ఉందంటే ఖమ్మం ఎండలో పెరిగిన మాకు ఆశ్చర్యమే. నడవడానికి వీటన్నిట్లోకీ నాకు ఇదే నచ్చింది.

ఈ పార్కుకి ఇంకో రకంగా కూడా పేరొచ్చింది. 2021 ఆగస్టులో "పెళ్లికాని జంటలకు లోపలికి ప్రవేశం లేదు" అని ఇక్కడ బ్యానర్ కట్టారు. సోషల్ మీడియాలో గొడవయ్యేసరికి జీహెచ్‌ఎంసీ దాన్ని తీసేసి, పొరపాటైందని చెప్పింది. ఆ వార్త టీవీలో చూసినప్పుడు నేను "మంచి పనే చేశారు" అన్నాను. మా అమ్మాయి అప్పట్లో ఏమీ అనలేదు గానీ మర్చిపోలేదు. విజిల్ సంగతి ఫోన్లో చెప్పగానే ముందు ఒక నిమిషం నవ్వి, తర్వాత "అమ్మా, ఆ బ్యానర్ గుర్తుందా?" అంది.

గేటు బయటి రోడ్డే ధర్నాచౌక్. 2017లో అప్పటి ప్రభుత్వం ఇక్కడ ధర్నాలు వద్దు, ఊరి శివార్లకు పొమ్మంది. మరుసటి ఏడాది హైకోర్టు చెప్పాక టెంట్లు మళ్లీ వచ్చాయి. 2021 నవంబరులో వడ్ల కొనుగోలు మీద కేంద్రాన్ని నిలదీస్తూ ముఖ్యమంత్రి కేసీఆరే ఇక్కడికొచ్చి ధర్నాకు కూర్చున్నారు. రూలు పెట్టినవాళ్లకు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ చోటు కావాల్సి వస్తుందని మా ఆయన తెగ మురిసిపోయారు.

లుంబినీ పార్కుకి సాయంత్రం వెళ్లాం. ఇక్కడ గేటు దగ్గర సంచీ విప్పి చూపించమంటే నాకు చిరాకు రాలేదు. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఈ పార్కులోనే లేజర్ షో చూస్తున్న జనం మధ్య బాంబు పేలింది. అదే సాయంత్రం కోఠిలో గోకుల్ చాట్ దగ్గర ఇంకొకటి. రెండు చోట్లా కలిపి నలభై మందికి పైగా పోయారు. సంచీలో చెయ్యిపెట్టి వెతికిన ఆవిడకి నేనే టిఫిన్ డబ్బా మూత కూడా తీసి చూపించాను. ఆ తనిఖీ నా గుణం గురించి ఏమీ అడగలేదు. సంచీలో ఏముందో చూసి వదిలేసింది.

మర్నాడు పొద్దున కేబీఆర్ పార్కు. పార్కు అంటున్నాం గానీ 1998 నుంచి అది నేషనల్ పార్కు, అటవీశాఖది. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య 350 ఎకరాల పైచిలుకు అడవి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపే తెరుస్తారు. తినుబండారాలు వద్దు, ప్లాస్టిక్ వద్దు, కుక్కలు వద్దు. వీటన్నిట్లోకీ రూల్స్ గట్టిగా ఉన్నది ఇక్కడే, నాకు అస్సలు గుచ్చుకోనిదీ ఇక్కడే. ఎందుకంటే లోపలికి పోయిన పావుగంటకే ఒక నెమలి మా దారికి అడ్డంగా తాపీగా నడిచిపోయింది. మధ్యాహ్నం తలుపులు మూసేది దాని కోసమని బోర్డు చూడకుండానే తెలిసింది. మా ఆయన ఆగి దానికి దారిచ్చారు. పైనుంచి ఎవరూ చెప్పలేదు.

బెంగళూరుకి కాచిగూడలో వందేభారత్ ఎక్కాం. పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక యశ్వంత్‌పూర్‌లో దిగాం. సీట్లు బాగున్నాయి. ఎనిమిది గంటలు కూర్చునే ఉండాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మధ్య మధ్యలో లేచి నడవండి. స్టేషన్ పక్కనే మెట్రో ఉంది, టాక్సీ వాళ్లతో బేరం బాధ లేదు.

అమ్మాయి ఉండేది పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో. రాత్రిపూట గెస్టులు ఉండకూడదు. తల్లయినా సరే. డబ్బులు కడతాం అన్నా కుదరదన్నారు. మగవాళ్లయితే గేటు దగ్గరే ఆగాలి కనుక, ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఎన్ని స్ట్రాంగ్‌రూముల తాళాలు మోశారో గాని, మా ఆయన కూతురి గది ఎలా ఉంటుందో చూడకుండానే తిరిగొచ్చారు. అమ్మాయికి అది అలవాటే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు.

దాంతో బసవనగుడిలో ఒక ఇంటి పైభాగంలో గదులిచ్చే చోట దిగాం. వీటన్నిట్లోకీ మంచి బస ఇదే. ఇంటావిడది హిందూపురం వైపు, తెలుగు మాట్లాడతారు. ఉదయం కాఫీ డబరాలో ఇస్తారు. లిఫ్ట్ లేదు, రెండంతస్తులు ఎక్కాలి. గదిలో మాంసాహారం వద్దు. రాత్రి పదిన్నరకి గేటు వేస్తారు. చెబుతూనే ఒక డూప్లికేటు తాళం నా చేతిలో పెట్టి, "ఆలస్యమైతే చప్పుడు కాకుండా తీసుకోండమ్మా, పక్కింట్లో పసిపాప ఉంది" అన్నారు. రూలు చెప్పడం నేర్చుకోవాలంటే ఆవిడ దగ్గర నేర్చుకోవాలి.

శనివారం పొద్దున అమ్మాయి మమ్మల్ని కబ్బన్ పార్కుకి తీసుకెళ్లింది. మైసూరు రాజ్యానికి చీఫ్ ఇంజినీరుగా ఉన్న రిచర్డ్ శాంకీ 1870లో వేయించిన తోట ఇది. టికెట్ లేదు. మెట్రో దిగి నాలుగడుగులేస్తే చెట్ల కింద ఉంటాం. అక్కడ పచ్చిక మీద చాపలు, దుప్పట్లు పరుచుకుని ఒక వంద మంది పిల్లలు చప్పుడు లేకుండా పుస్తకాలు చదువుతున్నారు. పడుకుని చదివేవాళ్లు, ఒకరి ఒళ్లో ఒకరు తల పెట్టుకుని చదివేవాళ్లు. కబ్బన్ రీడ్స్ అంటారట, 2023 జనవరిలో మొదలైంది. చందా లేదు, పేర్లు రాయించుకోవడం లేదు, ఉపన్యాసం అసలే లేదు. నేనూ కూర్చున్నాను. నా సంచీలో ఉన్న పుస్తకం విష్ణు సహస్రనామం. ఎవరూ వింతగా చూడలేదు.

ఈ గుంపుకీ చిక్కు వచ్చిందని అమ్మాయి చెప్పింది. 2024 డిసెంబరులో పుస్తకాలు ఒకరికొకరు బహుమతిగా ఇచ్చుకునే కలయిక పెట్టుకుంటే ఉద్యానశాఖ అభ్యంతరం చెప్పింది. అనుమతి ఉండాలంది, రుసుము మాటా వచ్చింది. తండ్రీకూతుళ్లు ఇక్కడ దెబ్బలాడుకున్నారు. ఆయనేమో, "ఇవాళ పుస్తకాలంటారు, రేపు కంపెనీవాడు బ్యానర్ కట్టి టీషర్టులు పంచుతాడు, ఎల్లుండి స్పీకర్లు. అడ్డుకట్ట ఉండాలిగా?" అని. అదేమో, "అట్లాగైతే బ్యానర్ కట్టేవాణ్ణి ఆపు, స్పీకర్ పెట్టేవాణ్ణి ఆపు. నోరు మూసుకుని చదువుకునేవాణ్ణి ఎందుకు?" అని. ఆయన భయం నాకు అర్థమైంది. ఒక చెట్టు కింద వందమంది రోజూ కూర్చుంటే అక్కడ గడ్డి మిగలదు, పక్కన ఒంటరిగా కూర్చునే ముసలాయనకు చోటూ మిగలదు. కాబట్టి పెద్ద గుంపులు ముందే చెప్పాలంటే నేను తప్పు పట్టను. పైసలడగడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

విజిల్ ముచ్చట మళ్లీ వచ్చింది. నేనన్నాను, సెక్యూరిటీ ఉంటే ఆడపిల్లలకు భద్రత కదా అని. "విజిల్ వేసేవాడుంటే ధైర్యం అనుకుంటావు నువ్వు. నన్ను చూసి వేసేదీ వాడే కదమ్మా" అంది. దానికి కావలసింది దీపాలు, శుభ్రమైన బాత్రూములు, ఎవడైనా వెంటపడితే పరుగెత్తి వచ్చే మనిషి. బెంచీ మీద ఎవరెంత దూరంలో కూర్చున్నారో కొలిచేవాడు కాదు. బహిరంగ స్థలంలో అసభ్యంగా ప్రవర్తించి పక్కవాళ్లను ఇబ్బంది పెడితే శిక్ష వేసే సెక్షన్ చట్టంలో ఎలాగూ ఉంది. అప్పట్లో ఐపీసీ 294, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 296. పిక్క రాయడం దాని కిందికి రాదని మా ఆయన హామీ ఇచ్చారు.

లాల్‌బాగ్‌కి ఆదివారం వెళ్లాం. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట, 240 ఎకరాలు. గాజు భవనానికి 1889లో పునాదిరాయి వేశారు. మధ్యలో ఉన్న బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లట. దాని మీద కూర్చుంటే నా యాభై మూడూ చాలా చిన్నగా అనిపించింది. పొద్దున వాకింగ్ వేళల్లో టికెట్ ఉండదు. బయటి తిండి లోపలికి తీసుకెళ్లనివ్వరు, అది మంచిదే. కోతులకి, కుక్కలకి మన చిప్స్ అలవాటు చేయనక్కర్లేదు. తిండి సంగతి బయటికొచ్చాక దగ్గర్లోనే ఎంటీఆర్ చూసుకుంటుంది. 1924 నాటి హోటలు. క్యూ ఉంటుంది, ఓపిక పట్టండి. రవ్వ ఇడ్లీకి ఆ ఓపిక తగినదే.

ఇంకో ఊళ్లో ఇంకో పార్కులో ఒకసారి చూసింది ఇక్కడ చెప్పాలి. ఏడెనిమిదేళ్ల పిల్లాడు బంతి తెచ్చుకున్నాడు. గార్డు లాక్కున్నాడు. తల్లి పోట్లాడింది. మొదట నేను గార్డు పక్షమే. బంతి తగిలి ఎవరైనా ముసలమ్మ పడితే? తర్వాత చుట్టూ చూస్తే గడ్డి మీద నడవకూడదు, వాకింగ్ ట్రాక్ మీద పరుగెత్తకూడదు, ఓపెన్ జిమ్ పిల్లలు ముట్టుకోకూడదు. మరి ఆ పిల్లాడు అక్కడికి ఎందుకొచ్చినట్టు? వద్దు అని ఒక బోర్డు పెడితే దాని పక్కనే ఎక్కడ ఆడుకోవచ్చో ఇంకో బోర్డు పెట్టాలి. నీళ్ల సీసా తేవద్దంటే లోపల తాగే నీళ్లుండాలి. ఆ పార్కులో కుళాయి ఉంది, తిప్పితే గాలి వచ్చింది. బాత్రూముకి తాళం వేసి ఉంది. తాళం ఎవరి దగ్గరుందంటే, అదీ పైనుంచే.

వెళ్లేవాళ్లకు నా లెక్క ఇది. నడకకి ఇందిరా పార్కు, పక్షులకి కేబీఆర్, పొద్దంతా ఊరికే కూర్చోవడానికి కబ్బన్, పిల్లల్ని, పెద్దల్ని కలిపి తీసుకెళ్లాలంటే లాల్‌బాగ్. స్టీలు సీసా వెంట ఉంచుకోండి. గేటు బోర్డు ఒకసారి ఫొటో తీసి పెట్టుకోండి, ఎవరైనా ఏమన్నా అంటే చూపించడానికి పనికొస్తుంది. మా ఆయన ఇప్పుడు ఎక్కడికెళ్లినా ముందు ఆ పనే చేస్తున్నారు. పాపం, ఆ మొదటి రోజు అబ్బాయి మీద నాకు కోపం లేదు. పన్నెండు గంటల డ్యూటీ అని చెప్పాడు, కూర్చోవడానికి స్టూలు కూడా లేదు.

ఆదివారం సాయంత్రం లాల్‌బాగ్ బండ మీద ముగ్గురం కూర్చున్నాం. పొద్దు వాలుతోంది. అమ్మాయి ఫొటోలు తీస్తోంది. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. కింద ఎక్కడో విజిల్ వినిపించింది. ఆయన చటుక్కున చెయ్యి తీసేశారు.

తోట మూసే టైమయింది, అంతే. అందరూ లేస్తున్నారు.