వాన పడ్డ మర్నాడు బోర్డో వైన్ టూర్ (4/5)

ఫ్రాన్స్‌లోని బోర్డోలో నదికి రెండు ఒడ్లనా ఉన్న వైన్ తోటలు ఒకే రోజులో చూపిస్తామంటే బుక్ చేశాం, మనిషికి 140 యూరోలు, వ్యాన్‌లో ఎనిమిది మందిమి. ముందే చెప్పేస్తున్నా, నాకు వైన్ గురించి పెద్దగా తెలీదు, రెడ్ అంటే రెడ్డే అనుకునేదాన్ని.

పొద్దున మెడాక్, అంటే ఎడమ ఒడ్డు. గైడ్ ఆవిడ మమ్మల్ని షాటో (వైన్ తయారుచేసే ఎస్టేట్ భవనం) లోపలికి కాకుండా నేరుగా తోటలోకి తీసుకెళ్లి చేతిలో ఒక గులకరాయి పెట్టింది, అప్పటికే ఎండకి వెచ్చగా ఉంది. నేలంతా ఇవే రాళ్లు, మట్టి కోసం వెతుక్కోవాలి. ముందు రోజు రాత్రంతా వాన, అయినా బూటుకి బురద అంటలేదు. నీళ్లు నిలవవు, పగటి వేడి రాళ్లలో ఉండిపోతుంది, అందుకే లేటుగా పండే కాబెర్నే సావిన్యోన్ అనే ద్రాక్ష ఇక్కడ కుదురుకుందట. అన్నట్టు ఈ మెడాక్‌లో చాలా భాగం ఒకప్పుడు చిత్తడి నేల, 17వ శతాబ్దంలో డచ్ వాళ్లు కాలవలు తవ్వి ఆరబెట్టారు. వైన్ మాత్రం మొదటి గుక్కకే నోరంతా వగరు, పక్కాయన ఆహా అంటుంటే నేను మంచినీళ్లు వెతుక్కున్నా.

లంచ్ సోసో.

మధ్యాహ్నం కుడి ఒడ్డు, పోమెరోల్. అదే వాన, ఇక్కడ మాత్రం ఒక్కో బూటు కేజీ బరువైంది, అంత బంకమట్టి! ఈ మట్టి తడి వదలదు, చల్లగా ఉంటుంది, కాబెర్నే సావిన్యోన్ పండేలోపు చలి వచ్చేస్తుంది, తొందరగా పండే మెర్లో ద్రాక్షకి ఆ ఇబ్బంది లేదు. పెట్రూస్ అనే బాగా ఖరీదైన వైన్ తోట రోడ్డు మీంచే చూశాం, పదకొండు హెక్టార్లు కాస్త పైన, అంతే, ఇంత పేరు దీనికా అనిపించింది. పక్కనే ఉన్న సెంట్ ఎమిలియోన్ అనే ఊళ్లో అడుగున సున్నపురాయి, ఊళ్లో ఇళ్లూ దాంతోనే కట్టారు, ఒక చర్చి అయితే ఏకంగా ఆ రాయిలోనే తొలిచేశారు. ఇక్కడ మెర్లోకి తోడు కాబెర్నే ఫ్రాన్ అనే ఇంకో ద్రాక్ష కలుపుతారు. నాకు బాగా నచ్చిన ముక్క ఏంటంటే మెర్లో, కాబెర్నే సావిన్యోన్ రెండూ ఈ ఫ్రాన్ పిల్లలేనట, డీఎన్ఏ టెస్టుల్లో తేలింది, ఒకే ఇంటి పిల్లలు చెరో ఒడ్డున సెటిలయ్యారన్నమాట. మెర్లో మెత్తగా గొంతు దిగింది, అదే ఒక బాటిల్ కొన్నా.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, చివర్లో ఒక షాపులో నలభై నిమిషాలు కూర్చోబెట్టి కొనండి కొనండి అని ప్రాణం తీశారు, ఆ టైమేదో మెడాక్‌లో ఇచ్చుంటే బాగుండేది. వెళ్తే పాత బూట్లు వేసుకెళ్లండి.