హబన్ కుకుళా కోసం సింహరాజ అడవికి

మన నల్లమలలో జిట్టకోడిని చూసినవారికి శ్రీలంకలోని హబన్ కుకుళా అనే పక్షి దగ్గరి చుట్టంలాగే కనిపిస్తుంది. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. అయితే హబన్ కుకుళా ఆ ద్వీపంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. శాస్త్రనామంలోని ‘బైకాల్కరాటా’ అనే మాట కాలికి రెండేసి ముళ్లున్న సంగతిని చెబుతుంది. దట్టమైన పొదల కింద నేలమీదే తిరిగే ఈ పక్షి కూత వినబడినంత సులభంగా కనబడదు.

మొదట కితుల్‌గలలో రెండు రాత్రులు ఉన్నాము. కెలనీ నది ఒడ్డున బస శుభ్రంగా ఉంది, భోజనానికీ వంక పెట్టలేము. కానీ అడవికి వెళ్లాలంటే నది దాటాలి. మేము ఆవలి ఒడ్డు చేరేసరికే బాగా తెల్లవారిపోయింది. మెట్టుమెట్టుగా స్వరం పెంచుతూ ఒక జంట ఈలల్లా కూయడం విన్నాము, అంతే. మార్గదర్శి ఫోనులో రికార్డు చేసిన కూతను పదేపదే వినిపించబోతే వద్దన్నాము. తన హద్దులోకి మరో పక్షి వచ్చిందనుకుని అది మేత మాని ఆందోళనపడుతుంది. అలా రప్పించి చూడడం నాకు తప్పుగానే తోచింది.

తర్వాత వెద్దగల మీదుగా సింహరాజ అడవి అంచునున్న కుడవ చేరాము. 1988 నుంచి ప్రపంచ వారసత్వ స్థలమైన ఈ అడవిలోకి మార్గదర్శి లేకుండా వెళ్లనివ్వరు. మా గది చాలా సాదాది; వేడినీళ్లు లేవు, గోడలకు చెమ్మ. అయినా మంచం మీద నుంచే తెల్లవారుజామున కూత వినిపించడం కన్నా మంచి సౌకర్యం ఏముంటుంది? జలగలు పట్టకుండా మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు మాత్రం తప్పనిసరి.

రెండో ఉదయం చీకటితోనే ఒక గ్రామస్థుడి పెరట్లో కట్టిన గుడ్డ తెర వెనుక, మాట్లాడకుండా, దాదాపు గంటసేపు కూర్చున్నాము. ముందుగా ఆ దేశపు జాతీయ పక్షియైన అడవికోడి నిర్భయంగా వచ్చి తిరిగింది. అది వెళ్లాక పొద చాటున ఎర్రటి కాళ్లు కదిలాయి. నల్లటి రొమ్ము మీద తెల్లని చారలతో మగపక్షి, వెనుకనే ఇటుకరంగు పెట్ట. రాలిన ఆకులను కాళ్లతో చెదరగొట్టి, మూడు నాలుగు నిమిషాలు మేసి, అలికిడి లేకుండా వెళ్లిపోయాయి. ఆ గ్రామస్థుడు అడిగిన రుసుము నాకు ఎక్కువనిపించలేదు. పెరడును పక్షుల కోసం పొదలతో ఉంచుకున్నందుకు అది న్యాయమైన ఫలం.

మళ్లీ వెళితే, వానలు కాస్త తెరిపిచ్చే జనవరి–మార్చి నెలల మధ్యనే, కితుల్‌గలలో ఒక్క రాత్రితో సరిపెట్టుకుని, కుడవలో మూడు ఉదయాలు ఉంచుకుంటాను.