రెండు రకాల ఉక్కును అతికే ఇ309ఎల్-16 ఎలక్ట్రోడ్

కార్బన్ స్టీలును 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో అతకవలసిన పనులకు నేను ఇ309ఎల్-16 ఎలక్ట్రోడ్‌నే (పూత ఉన్న వెల్డింగ్ రాడ్డు) వాడుతున్నాను. అందుబాటులో ఉంది కదా అని, 304 స్టీలును 304తోనే అతకడానికి వాడే 308ఎల్ రాడ్డుతోనే పని కానిచ్చేవారు లేకపోలేదు. అయితే కరిగిన కార్బన్ స్టీలు అతుకులో కలిసినప్పుడు క్రోమియం, నికెల్ పాళ్లు తగ్గి, మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసైన ఉక్కు రూపం ఏర్పడి, అతుకు పగిలే ప్రమాదం ఉంది. 309ఎల్‌లో సుమారు 23 శాతం క్రోమియం, 13 శాతం నికెల్ ఉండటం వల్ల ఆ తగ్గుదలను తట్టుకోగలదు. పైగా అతుకులో కొద్దిగా మిగిలే ఫెర్రైట్ అనే మరో ఉక్కు రూపం, లోహం గడ్డకట్టేటప్పుడు వచ్చే పగుళ్లను అడ్డుకుంటుంది.

డీసీ పాజిటివ్‌లో, అంటే రాడ్డును డీసీ కరెంటు పాజిటివ్ కొసకు కలిపినప్పుడు, ఆర్క్ నిలకడగా ఉంటుంది, చిందులు తక్కువ. చల్లారేకొద్దీ స్లాగ్ (కరిగిన పూత అతుకు మీద గడ్డకట్టిన పొర) పెంకులా దానంతటదే లేచి, కింద సన్నని అలలతో మెరిసే అతుకు బయటపడుతుంది. ఆ పెంకులు ముఖం మీదికి ఎగురుతాయి కనుక రక్షణ కళ్లద్దాలు వెంటనే తీయకూడదు. ఆంపియర్లు అతిగా పెంచితే మాత్రం కార్బన్ స్టీలు మరీ ఎక్కువగా కరిగి, ఈ రాడ్డు వాడిన ప్రయోజనమే దెబ్బతింటుంది.

లోపాలూ ఉన్నాయి. పూత తేమను పీల్చుకుంటే అతుకులో రంధ్రాలు పడతాయి. నిలువు అతుకుల్లో స్లాగ్‌ను అదుపు చేయడానికి చేయి తిరిగి ఉండాలి. దీర్ఘకాలం అధిక ఉష్ణోగ్రతలో ఉండే గొట్టాలకైతే, కార్బన్ స్టీలులోని కార్బన్ అతుకులోకి వలసపోతుంది కాబట్టి, నికెల్ ఆధారిత ఎలక్ట్రోడ్‌నే ఎంచుకుంటాను.