మిద్దె తోటా, రైతుబజారా?

టమాటా వెనక కష్టం తెలియాలంటే మిద్దె మీద నాలుగు మొక్కలు పెంచాలా, రైతుబజారుకు వెళ్లి కొనాలా?

నేర్పడంలో పెంపకానిదే పైచేయి. నారు నాటిన రెండు నెలలకు గానీ పండు చేతికి రాదు. ఈలోగా తెల్లదోమ ఆకుముడత తెగులు అంటిస్తుంది. నీళ్లు ఓ రోజు మానేసి, మర్నాడు ఎక్కువ పోస్తే కాయ పగులుతుంది. మన చెట్టుదైతే ఆ కాయనే కూరలో వేస్తాం. బజార్లో అయితే పక్కకు నెట్టేస్తాం!

కానీ కుండీకి అప్పుండదు, కూలి ఖర్చుండదు, మదనపల్లె మార్కెట్లో ధర పడిపోతుందన్న టెన్షనూ ఉండదు. అవన్నీ పండించినవాళ్లు చెబితేనే తెలుస్తాయి. 1999లో రైతుబజార్లు పెట్టింది దళారీ లేకుండా వాళ్లే అమ్ముకోవాలని. అందుకే ఒక్కటే ఎంచుకోమంటే నేను బజారుకే వెళ్తాను, కొసరు అడగకుండా.