పాత వీల్ హార్స్ ట్రాక్టరుకు అంతకన్నా పాత మంచు బ్లేడు: కొన్ని చలికాలాలు వాడాక నా మాట

బ్లేడుకు వంక పెట్టడానికేం లేదు, ట్రాక్టరుకూ లేదు. తిప్పలన్నీ ఆ రెండూ కలిసే చోటే. పాత గార్డెన్ ట్రాక్టరుకు మంచు తోసే బ్లేడు బిగించుకుందామని చూసేవాళ్లెవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే: తుప్పు చూసి భయపడొద్దు, పెయింటు చూసి మురిసిపోవద్దు, ముందు టేపు తీసి ఫ్రేము పొడవు కొలవండి.

నా బండి వీల్ హార్స్ సి-120. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, సౌత్ బెండ్‌లో పాండ్ కుటుంబం 1946లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. 1986లో టోరో చేతికి వెళ్లింది. సి-120 లాంటివి 1970ల నాటి బండ్లు. కోలర్ కె301 ఇంజను, ఒకటే సిలిండరు, పోత ఇనుప బ్లాకు, 12 హార్స్‌పవర్. ఎనిమిది గేర్లంటారు గానీ లెక్క విప్పితే ముందుకు మూడు, వెనక్కి ఒకటి; వాటికి హై, లో అని రెండు రేంజులు. పన్నెండు హార్స్‌పవర్‌తో ఏం తోస్తావని అడిగినవాళ్లున్నారు. మంచు తోయడంలో హార్స్‌పవర్ చివరి విషయం. బండి బరువు, చక్రాల పట్టు, ఇంజను తక్కువ స్పీడులోనూ వదలని లాగుడు, ఈ మూడే కావాలి. ఇప్పటి పల్చటి రేకు లాన్ ట్రాక్టర్లలో గడ్డి కోసే సత్తా ఉంది గానీ, ముందు ఇనుప బ్లేడు పెట్టి గుద్దించడానికి అవి పనికిరావు.

బ్లేడు వెడల్పు 42 అంగుళాలు. నా ట్రాక్టరు కంటే ముందు తరానిది. అమ్మినాయన ధీమాగా "ఈ కంపెనీ బండ్లన్నిటికీ పడుతుంది" అన్నాడు. పడదు. తొలినాళ్ల బండ్లు పొట్టి ఫ్రేమువి, తర్వాత వచ్చినవి పొడుగు ఫ్రేమువి. బ్లేడును మోసే ఫ్రేములూ ఆ లెక్కనే రెండు రకాలు. పొట్టిదాన్ని పొడుగు బండికి తగిలిస్తే, బ్లేడు తిన్నగా ఉన్నంతసేపూ అంతా బాగానే కనిపిస్తుంది. పక్కకు తిప్పి స్టీరింగు కొంచెం తిప్పామా, బ్లేడు వెనక మూల ముందు టైరును రాసుకుంటుంది. కొనేచోట ఎవరూ బ్లేడు తిప్పి చూపించరు కదా.

ఈ ఫ్రేము ఎలా పట్టుకుంటుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బండి ఆయుష్షంతా దీనిమీదే ఉంది. ట్రాక్టరు ముందు భాగానికి తగిలించేది కాదిది. రెండు పొడవాటి చేతులు బండి కింద నుంచి వెనక్కి సాగి, వెనక యాక్సిలుకు బిగించిన బ్రాకెట్లలో కూర్చుంటాయి. అంటే గట్టి మంచుకు కొట్టుకున్నప్పుడు ఆ దెబ్బ ముందు చక్రాలకో ముందున్న గ్రిల్లుకో వెళ్లకుండా నేరుగా వెనక యాక్సిలుకు చేరుతుంది. బలం పుట్టేదీ అక్కడే కాబట్టి ఇది చాలా తెలివైన ఏర్పాటు. అందుకే ఆ బ్రాకెట్లు బ్లేడుతోపాటు వస్తున్నాయో లేదో తప్పకుండా అడగండి. చాలామంది ట్రాక్టరు అమ్మేసినప్పుడు అవి దాని యాక్సిలుకే ఉండిపోతాయి, బ్లేడు మాత్రం గోడకు ఆనించి ఉంటుంది. బ్రాకెట్లు లేని బ్లేడు అంటే సగం బ్లేడే.

పొడుగు ఫ్రేము విడిగా దొరికితే బ్లేడు విప్పి దానికి మార్చుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. నాకు దొరకలేదు. రెండు చేతులనూ కోసి, అదే మందం ఇనుప పట్టీ ముక్కలు మధ్యలో అతికించి, లోపలి వైపు ఇంకో పట్టీ ఆనించి వెల్డింగు చేయించాను. ముందు చుక్కలుగా మాత్రమే అతికించి, ఫ్రేమును బండికి ఎక్కించి, బ్లేడును కుడికీ ఎడమకీ పూర్తిగా తిప్పి, స్టీరింగు రెండు వైపులా కొసదాకా తిప్పి చూసుకున్నాకే పూర్తి వెల్డింగు వేయించాం. రెండు మూలల నుంచి ఎదురు మూలలకు కొలత సమానంగా రావాలి. ఒక చేయి అర అంగుళం పొడవైతే బ్లేడు ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది, నేల మీద గీత కూడా వంకరగానే పడుతుంది. ఆ అతుకులు ఇప్పటిదాకా చెక్కు చెదరలేదు. పక్కనున్న అసలు ఇనుమే ఒకచోట కొద్దిగా వంగింది.

తర్వాతిది కంతల సంగతి. పిన్నులు తిరిగే కంతలన్నీ అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చేశాయి. చూపుడు వేలు కంతలో పెట్టి తిప్పితే ఒక వైపు అంచు పదునుగా తగులుతుంది, రెండో వైపు నున్నగా జారుతుంది. పిన్ను మాత్రం కొత్తది వేసి ఊరుకుంటే బ్లేడు ఎత్తిన ప్రతిసారీ టకటకమంటుంది, ఆ చప్పుడుతోపాటు కంతా పెరుగుతుంది. కంతను గుండ్రంగా పెద్దది చేసి, అందులో ఉక్కు బుష్ (చిన్న గొట్టం ముక్క) దిగ్గొట్టి, అంచున రెండు చుక్కలు వెల్డింగు పెట్టించాను. మధ్యలో బ్లేడు పక్కలకు తిరిగే ఇరుసు, అంటే పివట్‌కు గ్రీజు ఎక్కించే నిపుల్ లేదు. డ్రిల్లు వేసి ఒకటి పెట్టించడం ఈ మొత్తం పనిలో అతి చవకైనదీ, అతి ఎక్కువ ఫలితం ఇచ్చిందీ. ఉప్పు కలిసిన మంచు నీళ్లు ఆ పివట్‌లోకి దిగి గడ్డకడితే బ్లేడు ఏ కోణంలో ఉందో ఆ కోణంలోనే బిగుసుకుపోతుంది, మీట మీద వేలాడినా కదలదు. గ్రీజు నిండుగా ఉన్న పివట్‌లోకి నీరు దిగదు.

ఎత్తే మీట గురించి చాలామంది ఫిర్యాదు చేస్తుంటారు. హైడ్రాలిక్ లేని ఏ బండికైనా ఇది తప్పదు: బ్లేడు, ఫ్రేము బరువంతా కుడి భుజం మీదే పడుతుంది. సాయం చేసే స్ప్రింగు ఒకటి తగిలించుకుంటే సగం బాధ తీరుతుంది. దానికన్నా ముఖ్యం, మీట నుంచి బ్లేడుకు వెళ్లే కడ్డీలో కొంత ఖాళీ కదలిక ఉండాలి. దించినప్పుడు బ్లేడు తన బరువుతో తానే నేల మీద తేలుతూ ఎగుడుదిగుడు వెంట కదలాలి. కడ్డీ బిగుతుగా ఉంటే మీట బ్లేడును కిందికి నొక్కుతుంది, ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు ఎటు తిప్పినా బండి తిన్నగానే పోతుంది. గేటు స్తంభం ఎదురుగా ఉన్నప్పుడు తెలుస్తుంది దీని విలువ.

బ్లేడు వెనక ఉన్న రెండు స్ప్రింగులు దాన్ని నిలబెట్టి పట్టుకుంటాయి. కింద అంచు రాయికో, కాంక్రీటు పలకల సందుకో తగిలితే స్ప్రింగులు సాగి బ్లేడు ముందుకు వాలి, దాటాక మళ్లీ లేస్తుంది. అవి మరీ వదులైతే బరువు మంచుకే బ్లేడు పడుకుంటుంది. మరీ బిగిస్తే రాయి తగిలినప్పుడు వాలదు. దెబ్బ మీ నడుముకు చేరుతుంది. చివర ఉన్న కంటి బోల్టుతో సరిచేసుకోవచ్చు. పాతవి తుప్పుతో పలచబడి ఉంటే కొత్తవి వేయండి, బేరాలాడొద్దు.

కింద అంచు పట్టీ పూర్తిగా అరిగి బ్లేడు రేకే నేలకు తగులుతోంది. కొత్త పట్టీకి కంతలు వేయించుకోవడం తేలికే. అయితే మెడ కింద చదరంగా ఉండే క్యారేజ్ బోల్టులు వాటిలో కూర్చోవాలంటే ఒక్కో గుండ్రటి కంతనూ ఆకురాయితో నాలుగు మూలలూ తెరవాలి. మణికట్టు పట్టేసే పని. ఓపిక ఉన్నవాళ్లకు లాభం ఏంటంటే, పట్టీ ఒక అంచు అరిగాక తలకిందులు చేసి ఇంకో అంచు వాడుకోవచ్చు. కంకర దారి అయితే అంచు పట్టీతోపాటు స్కిడ్ షూలు (బ్లేడును నేల నుంచి ఎత్తి పట్టే ఇనుప పాదాలు) కూడా కావాలి. బ్లేడును నేలకు ఒకటి రెండు సెంటీమీటర్లు పైన ఉంచితేనే కంకర పచ్చిక మీదికి పోకుండా ఉంటుంది. నేల ఇంకా గడ్డకట్టని తొలి మంచులకు ఇది మరీ అవసరం.

ఇక పని. లెక్క చూడండి: 20 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు దారి మీద 15 సెంటీమీటర్ల మంచు పడితే 9 ఘనపు మీటర్లు. పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలనుకున్నా 900 కిలోలు. అదే తడి మంచు 300 కిలోలైతే 2700 కిలోలు. పొడి మంచులో ఈ బ్లేడు రెండో గేరులో, లో రేంజిలో హాయిగా దొర్లిస్తూ పోతుంది. తడి మంచులో మొత్తం వెడల్పు పెట్టి తోయకండి. సగం బ్లేడుతో కోసుకుంటూ, పడుతున్నప్పుడే మధ్యలో ఒకసారి తీసేయడమే మార్గం. వీధిలో మంచు తోసే పెద్ద ప్లౌ బండి దారి మొదట్లో పేర్చిపోయే గట్టి గుట్ట మాత్రం ఏ చిన్న ట్రాక్టరుకైనా పరీక్షే. దాన్ని గుద్దడం మానేసి, బ్లేడు కొద్దిగా ఎత్తి పైపొర ముందు తీసి, తర్వాత కింది పొరకు రావాలి.

పట్టు సంగతి సూటిగా చెబుతాను: గొలుసులు లేకుండా ఈ బండి శుభ్రంగా ఉన్న చోట నుంచి కూడా వెనక్కి రాదు. వెనక టైర్లు 23x8.50-12. వాటికి రెండు లింకులకొక అడ్డు గొలుసు ఉండే రకం తీసుకోండి. నాలుగు లింకులకొకటి ఉండేవాటిలో అడ్డు గొలుసుల మధ్య ఖాళీలో టైరు కూర్చుండిపోయి గిరగిరా తిరుగుతుంది, బండి కూడా గతుకు గతుకుగా నడుస్తుంది. చక్రాలకు పోత ఇనుప బరువులు, టైర్లలో గడ్డకట్టని ద్రవం, రెండూ ఉన్నాయి నా బండికి. ఆ ద్రవానికి కాల్షియం క్లోరైడు వాడితే చిన్న లీకున్నా రిమ్ము తుప్పుపట్టి తినేస్తుంది. అద్దాలు కడిగే శీతాకాలపు ద్రవం బరువు తక్కువైనా రిమ్ముకు హాని చేయదు. గొలుసులు కాంక్రీటు మీద గీతలు వేస్తాయి, అది ఒప్పుకుని దిగాలి.

ఇంజను గురించి రెండు మాటలు. కె301లో ఆయిలు పంపు లేదు. కనెక్టింగ్ రాడ్ కింద ఉన్న చిన్న నాలుక ఆయిలును చిమ్మి లోపలంతా తడుపుతుంది. చలికి చిక్కబడ్డ ఎండాకాలపు ఎస్ఏఈ 30లో ఆ చిమ్మడం సరిగా జరగదు. మంచు మొదలయ్యేలోగా చలిలోనూ పల్చగా ఉండే 5డబ్ల్యూ-30 ఆయిలుకు మార్చేస్తే సెల్ఫు కూడా సులువుగా తిరుగుతుంది. ఫ్లైవీల్ ముందున్న జల్లెడకు పొడి మంచు పట్టేస్తుంది, పని మధ్యలో ఒకసారి దిగి దులపండి. బయట ఎంత చలి ఉన్నా గాలి ఆడకపోతే ఈ ఇంజను వేడెక్కుతుంది.

నాకు నచ్చనిది గేర్లు. ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి: మంచు తోయడమంటే అదే. ప్రతిసారీ క్లచ్చు తొక్కి, బండి పూర్తిగా ఆగాక గేరు మార్చాలి. ఎడమ కాలు లాగేస్తుంది. పైగా ఇంజను నుంచి గేరుబాక్సుకు వెళ్లేది బెల్టు. కరిగిన మంచు చిమ్మి అది తడిసిందంటే కాసేపు జారుతుంది. కొనే అవకాశం ఇంకా చేతిలో ఉన్నవాళ్లు ఇదే వరసలో హైడ్రోస్టాటిక్ బండి (గేర్లు మార్చే పని లేకుండా ఆయిలు ఒత్తిడితో ముందుకూ వెనక్కీ నడిచేది) చూసుకోండి, మంచుకు అదే సుఖం. గేర్ల బండి చెడిపోయేది తక్కువ, నిజమే. ఆ మాట రాత్రి పదకొండింటికి క్లచ్చు తొక్కుతున్నప్పుడు పెద్దగా ఊరటనివ్వదు.

మంచును పీల్చి గొట్టంలోంచి దూరంగా చిమ్మే స్నో బ్లోయరు కొనొచ్చుగా అంటారు. మోకాలి లోతు మంచు తరచూ పడేచోట అదే సరైనది, వాదించను. జానెడు జానెడు చొప్పున తరచుగా పడేచోట బ్లేడు ముందు ఏదీ నిలవదు: షియర్ పిన్నులు (గట్టి దెబ్బకు ముందు తెగేలా పెట్టే పిన్నులు) తెగవు, గొట్టం పూడదు, ఎదురుగాలికి మొహాన మంచు కొట్టదు. బ్లేడుకు ఉన్న ఒకే షరతు, తోసింది పెట్టుకోవడానికి చోటు. తొలి మంచును దారి అంచు దాటించి పచ్చిక మీదికి వీలైనంత దూరం తోసేయాలి. అంచునే ఆపితే ఆ గట్టు రాయిలా గడ్డకట్టి, తర్వాత పడినదంతా దాని ఇవతలే ఆగి, చలికాలం ముగిసేనాటికి దారి సగమవుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే 42 తీసుకోను, 48 తీసుకుంటాను. 42 అంగుళాలంటే 107 సెంటీమీటర్లు. బ్లేడును 30 డిగ్రీలు పక్కకు తిప్పితే అది శుభ్రం చేసే వెడల్పు 92 సెంటీమీటర్లకు పడిపోతుంది. గొలుసులు వేశాక నా వెనక చక్రాల బయటి అంచుల మధ్య కూడా దాదాపు అంతే. కొంచెం మలుపు తిప్పితే చాలు, ఒక చక్రం తియ్యని మంచు ఎక్కి దాన్ని తొక్కి గట్టిచేస్తుంది, ఆ పట్టీ మర్నాటికి ఐసు. 48 అయితే అదే కోణంలో 106 సెంటీమీటర్లు వస్తుంది. ఫ్రేము ఎలాగూ సరిచేసి పెట్టుకున్నాను కాబట్టి బ్లేడు రేకు ఒక్కటే వెతుకుతున్నాను, పివట్ కొలతలు ఈ ఫ్రేముకు సరిపోయేది.