గినీ పిగ్, హ్యామ్‌స్టర్ పెంచేవాళ్లూ, పెట్ షాపు యాంటీబయాటిక్‌తో జాగ్రత్త

మా గినీ పిగ్ పేరు సున్నుండ. పోయిన నెల రెండు రోజులు వరసగా తుమ్మింది. ఆదివారం డాక్టర్ దొరకరులే అనుకుని, దాన్ని కొన్న షాపుకే వెళ్లాను.

"ఎలుక జాతే కదా సార్, ఇది వాడండి" అని ఓ సీసా ఇచ్చాడు. 180 రూపాయలు. మీద చిలక బొమ్మ, కుందేలు బొమ్మ, "అన్ని పెంపుడు జంతువులకు" అని పెద్దక్షరాలు. పూటకో డ్రాపర్ నోట్లో పోసేయమన్నాడు. బరువెంతో కూడా అడగలేదు.

మూడో రోజుకి విరేచనాలు. కొత్తిమీర కవరు చప్పుడైతే చాలు, కీచుకీచుమని ఇల్లెగరగొట్టేది. ఆ రోజు ముక్కు దగ్గర పెట్టినా మొహం తిప్పేసుకుంది. వంటింటి కాటాలో 820 గ్రాములు తూగేది 710కి వచ్చింది.

డాక్టర్ సీసా తిప్పి, వెనక చీమ తలకాయంత అక్షరాలు చూపించారు: అమాక్సిసిలిన్. ఇది పెన్సిలిన్ రకం యాంటీబయాటిక్. ఆ రకం మందు నోటి ద్వారా వెళ్తే గినీ పిగ్ పేగుల్లో ఉండే మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, క్లాస్ట్రీడియం అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుందట. హ్యామ్‌స్టర్‌కీ, కుందేలుకీ ఇదే గండం. క్లిండామైసిన్, లింకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లు కూడా అంతే. విచిత్రమేంటంటే మామూలు ఎలుకలకు అమాక్సిసిలిన్ పడుతుంది! "ఎలుక జాతే కదా" అన్న ఆ మాటే కొంప ముంచింది. పైగా వీటికి వాంతి కాదు, మింగింది బయటికి రాదు.

నేను పోసిన తీరూ తప్పే. వెల్లకిలా పట్టుకుని పిండితే ముక్కులోంచి బుడగలొచ్చాయి. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే అదో ప్రాణగండం. టవల్లో చుట్టి, నిటారుగా ఉంచి, సూది తీసేసిన 1 మి.లీ. సిరంజిని ముందు పళ్ల వెనకున్న ఖాళీలోకి పక్కనుంచి పెట్టి, నములుతుంటే చుక్కచుక్కగా వదలాలి. నీళ్లగిన్నెలో కలిపితే ఎంత తాగిందో తెలియదు. పూట తిండి మానేసినా ఆగకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. కుక్కలు, పిల్లులనే ఎక్కువ చూసే డాక్టరైతే "ఇది పెన్సిలిన్ రకం కాదు కదా?" అని మీరే అడగండి, మొహమాటపడకండి.

సున్నుండ ఐదో రోజు పోయింది. షాపుకెళ్లి అడిగితే "చలికి పోయుంటుంది సార్" అన్నాడు. అతని వెనక అరలో అవే సీసాలు. మందు ఏది కొన్నా బిల్లు అడిగి తీసుకోండి. నా దగ్గర అదీ లేదు.