వైర్‌లెస్ బ్రిడ్జ్ కోసం రెండో రూటర్ కొంటున్నారా? అట్టపెట్టె మీద ‘బ్రిడ్జ్’ అని ఉంటే సరిపోదు, జాగ్రత్త

మేడ మీది గదికో, పెరట్లోని గదికో కేబుల్ లాగకుండా వై-ఫై ద్వారానే నెట్ అందించాలని రెండో రూటర్ కొనబోతున్నవారు దయచేసి డబ్బు కట్టే ముందు ఇది చదవండి. వైర్‌లెస్ బ్రిడ్జ్ అంటే రెండు పెట్టెలను వై-ఫైతో కలిపి, రెండు చోట్ల ఉన్న పరికరాలనూ ఒకే నెట్‌వర్క్‌గా నడపడం. ప్రకటనలో ‘వైర్‌లెస్ బ్రిడ్జ్ సౌకర్యం ఉంది’ అని రాసినంత మాత్రాన, నెట్ సంస్థ ఇచ్చిన, మీ ఇంట్లో ఇప్పటికే ఉన్న ఫైబర్ బాక్స్‌తో ఆ రూటర్ బ్రిడ్జ్‌గా కలుస్తుందన్న హామీ ఏమీ లేదు. ఈ సంగతి తెలియక నేను 2,650 రూపాయలు పెట్టి, 9 రోజుల పాటు సాయంత్రాలన్నీ దాని ముందు కూర్చుని, చివరకు వాపసు కోసం పోట్లాడవలసి వచ్చింది.

మా ఇంట్లో ఫైబర్ బాక్స్ కింది హాల్లో ఉంది. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి డెస్క్‌టాప్, ప్రింటర్, సీసీ కెమెరాల రికార్డర్ మేడ మీది గదిలో ఉన్నాయి. ఈ మూడింటికీ వై-ఫై లేదు, నెట్ కేబుల్ తగిలించే ల్యాన్ సాకెట్ మాత్రమే ఉంది. కొత్తగా రంగులు వేయించిన గోడలకు రంధ్రాలు పెట్టడం ఇష్టం లేక, కింది వై-ఫైని పైన అందుకుని తన ల్యాన్ పోర్టుల ద్వారా ఈ మూడింటికీ ఇచ్చే రూటర్ కోసం వెతికాను. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు ప్రకటనలో సరిగ్గా నాకు కావలసిన మాటే కనిపించింది. అయినా అనుమానం తీరక, ‘వేరే కంపెనీ ఫైబర్ బాక్స్‌తో బ్రిడ్జ్ అవుతుందా?’ అని ప్రశ్న పెట్టాను. ‘అవును సార్, బ్రిడ్జ్ మోడ్ ఉంది, అన్ని బాక్సులతోనూ పనిచేస్తుంది’ అని జవాబు వచ్చింది. ఆ జవాబును నమ్మి కొన్నాను.

రూటర్ వచ్చిన రోజు సాయంత్రం సెట్టింగుల పేజీలో బ్రిడ్జ్‌కు సంబంధించిన డబ్ల్యూడీఎస్ అనే అంశాన్ని ఎంచుకుని, కింది వై-ఫై పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాను. ‘కనెక్ట్ అయింది’ అని చూపించింది, ముందున్న దీపం కూడా ఆకుపచ్చగా వెలిగింది. కానీ డెస్క్‌టాప్‌లో ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు. నెట్‌వర్క్ వివరాలు తీసి చూస్తే ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే అంకె, 169.254తో మొదలవుతోంది. కింది బాక్స్ నుంచి చిరునామా అందనప్పుడు కంప్యూటర్ తనకు తానే ఇచ్చుకునే అంకె అది. అంటే రెండు పెట్టెల మధ్య వై-ఫై కలిసిందే తప్ప, పై రూటర్ వెనుక ఉన్న కంప్యూటర్ మాట కింది వరకు చేరడం లేదన్నమాట.

అమ్మకందారు సహాయ విభాగానికి ఫోన్ చేస్తే, ‘డబ్ల్యూఐఎస్‌పీ మోడ్ పెట్టుకోండి, అదే బ్రిడ్జ్’ అన్నారు. అలాగే పెట్టాను. పై రూటర్ చిరునామా, కింది బాక్స్ చిరునామా రెండూ 192.168.1.1 కావడంతో మొదట అసలు నెట్ రాలేదు. పైదాన్ని 192.168.2.1కి మార్చాక డెస్క్‌టాప్‌కు నెట్ వచ్చింది. హమ్మయ్య అనుకునేలోగా కింది ల్యాప్‌టాప్‌కు ప్రింటర్ కనిపించడం లేదని మా ఆవిడ చెప్పింది. ఇంట్లోని వై-ఫై మీదే నేరుగా కెమెరాలు చూసే యాప్ కూడా రికార్డర్‌ను పట్టుకోలేకపోయింది. కారణం స్పష్టమే. ఈ మోడ్‌లో పై రూటర్ బ్రిడ్జ్‌గా కాక, కింది నెట్‌వర్క్ లోపల మరో విడి నెట్‌వర్క్‌గా పనిచేస్తుంది. పైనుంచి కిందికి దారి ఉంటుంది కానీ, కింది నుంచి పై పరికరాలకు ఉండదు. కేవలం నెట్ చూసుకునేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. ప్రింటర్, రికార్డర్, ఫైళ్లు పంచుకునే కంప్యూటర్ ఉన్నవారికి మాత్రం ఇది పనికిరాదు, దీన్ని బ్రిడ్జ్ అని అమ్మడం సరైన పని కాదు.

అసలు చిక్కు ఎక్కడుందో కొనేవారందరికీ తెలియాలని నా కోరిక. మామూలు వై-ఫైలో ఒక పరికరం రూటర్‌కు పంపే ప్రతి సమాచార ముక్కలోనూ 3 చిరునామాలే ఉంటాయి: పంపే పరికరానిది, అందుకునే రూటర్‌ది, చివరికి చేరవలసిన చోటుది. పంపినదే అసలు సొంతదారు అని అందులోని అవగాహన. ఉత్తరం మీద కేరాఫ్ రాయడానికి చోటు లేనట్టే, పై రూటర్ వెనుక ఉన్న మరో కంప్యూటర్ చిరునామా రాయడానికి అక్కడ చోటు లేదు. నిజమైన బ్రిడ్జ్ కావాలంటే 4వ చిరునామా ఉన్న ముక్కలను రెండు పెట్టెలూ అర్థం చేసుకోవాలి, డబ్ల్యూడీఎస్ చేసేది అదే. వై-ఫై ప్రమాణంలో ఆ 4 చిరునామాల రూపం ఉంది కానీ, దాన్ని వాడుకుని వేర్వేరు కంపెనీల పెట్టెలు ఒకదానితో ఒకటి ఎలా కుదురుకోవాలన్నది అందులో నిర్దేశించలేదు. అందుకే ఎవరి పద్ధతి వారిది అయింది. ఒకే కంపెనీ రూటర్ల జత చక్కగా కలిసిన చోట, వేరే కంపెనీది పెట్టగానే నాకు జరిగినట్టు దీపం వెలుగుతుంది, సమాచారం మాత్రం కదలదు. పైగా నెట్ సంస్థలు ఇచ్చే ఫైబర్ బాక్సుల్లో చాలావాటిలో ఈ అంశం అసలు కనిపించదు, కనిపించినా దాన్ని మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్ మన చేతికి ఇవ్వరు.

దీనికి తోడు ‘బ్రిడ్జ్’ అనే మాటను ఒక్కొక్కరు ఒక్కో అర్థంలో వాడుతున్నారు. ఫైబర్ బాక్స్ విషయంలో బ్రిడ్జ్ మోడ్ అంటే దానిలోని రూటర్ పనిని ఆపి, కనెక్షన్‌ను నేరుగా మరో రూటర్‌కు అప్పగించడం. కొన్ని కంపెనీలు కేబుల్‌తో వచ్చిన నెట్‌ను వై-ఫైగా పంచే యాక్సెస్ పాయింట్ మోడ్‌నే బ్రిడ్జ్ అంటాయి. ఈ రెండింటికీ మనకు కావలసిన వైర్‌లెస్ బ్రిడ్జ్‌కూ సంబంధం లేదు. దుకాణంలో ‘బ్రిడ్జ్ ఉందా?’ అని అడిగితే ఎవరైనా ఉందనే చెబుతారు, ఏదో ఒక అర్థంలో అది నిజమే అవుతుంది కూడా. కాబట్టి ప్రశ్న మార్చి అడగండి: ‘కింది రూటర్ వేరే కంపెనీది. పై రూటర్ ల్యాన్ పోర్టుకు పెట్టిన కంప్యూటర్‌కు కింది రూటరే ఐపీ చిరునామా ఇస్తుందా?’ దీనికి రాతపూర్వకంగా అవునని చెప్పనివారి దగ్గర కొనకండి.

అట్టపెట్టె మీది వేగం అంకె గురించి కూడా చెప్పాలి. నేను కొన్నదాని మీద 1200 అని పెద్దగా ఉంది. అది 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై బ్యాండ్‌లో 300 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 867 ఎంబీపీఎస్ కలిపి, సున్నాలకు సరిచేసి వేసిన అంకె. ల్యాన్ పోర్టులు మాత్రం 100 ఎంబీపీఎస్‌వి. మా ప్లాన్ 200 ఎంబీపీఎస్ అయినా మేడ మీది డెస్క్‌టాప్‌లో 94 దాటలేదు. బ్రిడ్జ్ కోసం కొనేవారికి పరికరాలన్నీ ల్యాన్ పోర్టుల మీదే ఆధారపడతాయి కనుక, ‘గిగాబిట్’ (1000 ఎంబీపీఎస్) అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడకుండా తీసుకోవద్దు. ఒకే బ్యాండ్‌లో అందుకుని, అదే బ్యాండ్‌లో తిరిగి ప్రసారం చేసే రిపీటర్ పద్ధతికి వెళ్తే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఇంకొకటి, ఒకే మోడల్ పేరుతో వెర్షన్ 1, వెర్షన్ 2, వెర్షన్ 3 అని లోపలి చిప్ మార్చి అమ్ముతుంటారు. వెర్షన్ అంకె రూటర్ అడుగున అంటించిన చీటీ మీద ఉంటుంది. నేను ముందుగా చదువుకున్న మాన్యువల్ వేరే వెర్షన్‌ది, నాకు వచ్చిన పెట్టె వేరే వెర్షన్‌ది.

ఇక వాపసు సంగతి. ‘వస్తువు పాడవలేదు, 10 రోజుల్లో మార్పిడి తప్ప డబ్బు వెనక్కి ఇవ్వం’ అని అమ్మకందారు తేల్చేశారు. అయితే 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే దాన్ని వెనక్కి తీసుకోవడానికి గానీ, డబ్బు వాపసు ఇవ్వడానికి గానీ అమ్మకందారు నిరాకరించకూడదు. నా దగ్గర ప్రకటన, ప్రశ్న, జవాబు మూడింటి స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. వాటితో పాటు డెస్క్‌టాప్‌లో 169.254 చిరునామా కనిపిస్తున్న ఫొటో కూడా జతచేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. ఆ తర్వాత 12 రోజులకు రూటర్ డబ్బు వచ్చింది, కొరియర్ ఖర్చు మాత్రం నాకే మిగిలింది. కొన్న రోజే ప్రకటన పేజీని భద్రపరచుకోండి, వాపసు గడువు ముగియకముందే పరీక్ష పూర్తిచేయండి. వాపసు విషయంలో ఈ రెండూ లేకపోతే నాకు పైసా వచ్చేది కాదు.

చివరకు బయటి గోడ మీద వాన నీటి గొట్టం పక్కన పీవీసీ పైపులో 25 మీటర్ల క్యాట్6 రకం నెట్ కేబుల్ వేయించాను. పాత రూటర్ ఒకటి ఇంట్లోనే ఉంది. దాని చిరునామాను 192.168.1.2గా మార్చి, పరికరాలకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపి, కేబుల్‌ను దాని వ్యాన్ పోర్టుకు (బయటి నెట్ అందుకునేది) కాక ల్యాన్ పోర్టుకు పెట్టాను. ప్రింటర్, రికార్డర్, డెస్క్‌టాప్ మూడూ కింది వాటితో కలిసిపోయాయి. కేబుల్ కొనేటప్పుడు తీగను బ్లేడుతో కొద్దిగా గీకించి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, దాన్ని తీసుకోవద్దు.

కేబుల్ ఎంత మాత్రం కుదరని ఇళ్లలో ఒకే కంపెనీకి చెందిన, ఒకే మోడల్, ఒకే వెర్షన్ రూటర్లు రెండు కొనండి. అయితే ఆ రెండూ పరస్పరం డబ్ల్యూడీఎస్‌తో కలుస్తాయని మాన్యువల్‌లో ఉండాలి. ఒకదాన్ని ఫైబర్ బాక్స్‌కు ల్యాన్ కేబుల్‌తో తగిలించి, రెండోదాన్ని మేడ మీద పెడితే బ్రిడ్జ్ ఆ రెండింటి మధ్యే నడుస్తుంది, ఫైబర్ బాక్స్‌తో పేచీ ఉండదు. మొదటిదానికి ఛానల్‌ను ఆటోలో వదలకుండా స్థిరంగా పెట్టండి. కొన్ని చవక రూటర్లు 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లను అందుకోలేవు, రాత్రికి రాత్రి ఛానల్ వాటిలోకి మారితే పొద్దున్నే పై గదిలో నెట్ ఉండదు.

నాకు అమ్మిన ఆ ప్రకటనలో ‘అన్ని బాక్సులతోనూ పనిచేస్తుంది’ అన్న జవాబు ఈ రోజుకీ అలాగే ఉంది.